42 అంగుళాల బాడీబోర్డు, ఒక జత ఫిన్స్, ఒక మరిది: పూర్తి రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తున్నాను, అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఫిన్స్‌కి, అంటే పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలకి, 5కి 5. బోర్డుకి, అంటే బోర్లా పడుకుని అలలెక్కే పొట్టి ఫోమ్ పలకకి, మూడున్నర. బోర్డుతో పాటు ఉచితంగా ఇచ్చిన లీష్‌కి, అంటే బోర్డుని ఒంటికి కట్టుకునే తాడుకి, 1, అదీ పెట్టెలో ఉన్నందుకు. కొనొచ్చా అంటే కొనొచ్చు, కానీ చేతిలో 200 డాలర్లు ఉంటే అన్నీ బోర్డు మీదే పోసేయకండి. ఎందుకో చెబుతాను, మధ్యమధ్యలో మా మరిది వస్తుంటాడు, కాస్త భరించాలి.

మేముండేది కాలిఫోర్నియాలో, అర్వైన్‌లో. హంటింగ్టన్ బీచ్, న్యూపోర్ట్ బీచ్ రెండూ దగ్గరే. ఈ చుట్టుపక్కల మనవాళ్ళకేం కొదవ లేదు, శనివారం కాస్ట్‌కోకి వెళ్తే బండి తోసుకుంటూ కనీసం నాలుగు చోట్ల ఆగి పలకరించాలి. నీళ్ళలో మాత్రం ఒక్కరూ కనిపించరు. పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసులకి పంపిస్తాం, ఫీజులు కడతాం, తీరా సముద్రం దగ్గరికెళ్తే మోకాలి లోతు దాటనివ్వం. నేను విశాఖపట్నంలో పెరిగినదాన్ని, ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకుని మురీ మిక్చర్ తిని ఇంటికి రావడమే సముద్రం అంటే. అలాంటిది నలభై దాటాక నాకు ఈ బాడీబోర్డింగ్ పిచ్చి పట్టింది. దానికి సగం కారణం మా మరిదే, వాడు చేసిన వెక్కిరింపు.

వాడు నిలబడి సర్ఫ్ చేసే రకం. వీళ్ళని ఇక్కడ స్టాండప్ సర్ఫర్లంటారు, నిజానికి వాళ్ళు తమని తాము సర్ఫర్లు అనే అనుకుంటారు, 'స్టాండప్' అనే విశేషణం తగిలించేది మాలాంటివాళ్ళమే. నేను బాడీబోర్డు కొంటానన్నప్పుడు వాడన్న మాట ఇది: "వదినా, ఆ చపాతీ పీట మీద బోర్లా పడుకుని కాళ్ళు కొట్టుకోవడాన్ని సర్ఫింగ్ అనరు." మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు బోర్డుతో సహా నూట యాభై డాలర్ల పైమాట.

ఈ ఎగతాళి మా ఇంట్లో పుట్టిందేమీ కాదు. 1980ల నుంచీ ప్రపంచంలో అలలున్న ప్రతిచోటా ఉన్నదే. స్పాంజిలాంటి ఫోమ్ మీద పడుకుంటాం కాబట్టి ఇక్కడ మమ్మల్ని స్పాంజర్లంటారు, దారికడ్డంగా తేలుతుంటాం కాబట్టి స్పీడ్ బ్రేకర్లంటారు, ఆస్ట్రేలియాలో అయితే బీరు చల్లబెట్టుకునే డబ్బా మూతలంటారు, సొరచేప బిస్కెట్లంటారు. ఈ తిట్లలో కొంత న్యాయం ఉంది, ఆ సంగతికి వస్తాను. ముందు వస్తువు గురించి.

బోర్డు 42 అంగుళాలు. నిలబెడితే దాని పై అంచు మన బొడ్డు దాకా రావాలి, బాడీబోర్డు సైజు చూసుకునే పాత పద్ధతి ఇదే, ఇంకా పనిచేస్తోంది. మరీ పొడుగైతే అల మీద మలుపు తిరగదు, మరీ పొట్టిదైతే మన బరువుకి మునుగుతుంది. లోపలి ఫోమ్‌ని కోర్ అంటారు, అసలు ధర దాన్ని బట్టే ఉంటుంది. బీచ్ పక్క దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో పాతిక ముప్పై డాలర్లకి దొరికే బొమ్మల బోర్డుల్లో ఉండేది థర్మోకోల్ లాంటిది, పెద్దవాళ్ళు రెండు అలలు గట్టిగా ఎక్కితే మధ్యలో పుటుక్కుమంటుంది. దాని పైమెట్టు పీఈ, అంటే పాలీఎథిలీన్ కోర్, కాస్త వంగే గుణం ఉంటుంది, చల్లటి నీళ్ళలో కూడా చెక్కలా బిగుసుకుపోదు. ఇంకో రకం పీపీ, పాలీప్రొపిలీన్, తేలిక, గట్టి, వేగం ఎక్కువ, కానీ చల్లటి నీళ్ళలో మరీ బిరుసెక్కిపోతుంది, అందుకే దాన్ని హవాయి లాంటి వెచ్చటి చోట్లకే ఎక్కువ సిఫారసు చేస్తారు. మా సముద్రం చలికాలంలో 14, 15 డిగ్రీలకి పడిపోతుంది, ఎండాకాలంలో కూడా 20 దాటితే పండగే. కాబట్టి నేను తీసుకున్నది పీఈ, లోపల ఒక కార్బన్ కడ్డీ. ఆ కడ్డీని స్ట్రింగర్ అంటారు, వంగిన బోర్డు మళ్ళీ చటుక్కున తిన్నగా కావడానికి అది.

తోక భాగం నెలవంకలా ఉండేది తీసుకున్నాను. గబ్బిలం రెక్కలా ఉండే ఇంకో ఆకారం కూడా ఉంది, అది బోర్లా పడుకుని గిరగిరా తిరిగే కుర్రాళ్ళకి. నెలవంక తోక అల గోడని పట్టుకుంటుంది, పైగా ఎప్పటికైనా ఒక మోకాలు బోర్డు మీద, ఒక పాదం ముందు పెట్టి కూర్చునే డ్రాప్-నీ నేర్చుకోవాలని నాకో చిన్న ఆశ.

బోర్డు అల మీద ఎలా ఉందంటే, బాగుంది. అడుగున నున్నటి ప్లాస్టిక్ తొడుగు, దానిలో రెండు గాడులు, పక్కకి తిరిగినప్పుడు జారిపోకుండా పట్టు ఇస్తాయి. హంటింగ్టన్ పియర్ దగ్గర నడుమెత్తు అలల్లో హాయిగా వెళ్తుంది. చిరాకు పుట్టించినవి వేరే ఉన్నాయి. ఒకటి, లీష్ తగిలించుకునే ప్లగ్ బిగించి రాదు, బోర్డుకి మనమే కన్నం పెట్టుకోవాలి, నూట యాభై డాలర్లు పోసి కొన్న కొత్త వస్తువుని మొదటిరోజే స్క్రూడ్రైవర్ పెట్టి పొడవడమేమిటో నాకర్థం కాదు, మా ఆయన అయితే ఆ పని నాకే వదిలేసి అవతల గదిలోకి వెళ్ళిపోయాడు. రెండు, ఒక్క వేసవికే ముక్కు దగ్గర ముడత పడింది, తోక అంచున పై తొడుగు లేవడం మొదలైంది. ఎండలో వదల్లేదు, కార్లో పెట్టి మరిచిపోలేదు, గరాజ్‌లో నీడనే ఉంచాను. కంపెనీకి ఫోటోలు పంపితే 'వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదల' అని రెండు లైన్ల జవాబు. పేరు చెప్పను, ఈ ధరలో దాదాపు అందరిదీ ఇదే కథని తోటి బాడీబోర్డర్లు ఓదార్చారు. ఒకటిన్నర మార్కు అక్కడ పోయింది.

లీష్ గురించి రెండు ముక్కలు చాలు. పాత ల్యాండ్ ఫోన్ వైరులా చుట్టలు చుట్టలుగా ఉండే రకం, మణికట్టుకి కట్టుకునేది. దాని వెల్క్రో ఒడ్డున విరిగే అలకి ఊడిపోతుంది. ఊడితే బోర్డు పోతుందని కాదు బాధ, వెనకాల ఉన్నవాడి మొహానికి తగులుతుందని. పారేసి, జబ్బకి కట్టుకునేది విడిగా కొనుక్కోండి.

ఇక ఫిన్స్. ఇక్కడే నా రివ్యూ అంతా.

నేను వాడేది చర్చిల్ మకాపూ. పొట్టిగా, పక్కకి వాలుగా కోసినట్టుండే రబ్బరు ఫిన్స్, డైవింగ్ వాళ్ళ పొడుగాటివి కావు. ఈ కంపెనీ మొదలుపెట్టిన ఓవెన్ చర్చిల్ మామూలు మనిషి కాదు, 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలో అమెరికాకి బంగారు పతకం తెచ్చినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ నౌకాదళాల గజ ఈతగాళ్ళు వాడింది ఈయన ఫిన్సే. మకాపూ అన్నది హవాయిలో ఒవాహు ద్వీపం మీద ఒక బీచ్ పేరు, బాడీసర్ఫర్లకీ బాడీబోర్డర్లకీ పుణ్యక్షేత్రం లాంటిది, అక్కడ నిలబడే సర్ఫ్‌బోర్డులకి అనుమతి లేదు. ఈ ముక్క మా మరిదికి కనీసం నెలకోసారి గుర్తుచేస్తుంటాను.

బాడీబోర్డు మీద చేతులతో తోసుకుంటే ఎక్కడికీ వెళ్ళం. ఇంజిను కాళ్ళలోనే ఉంటుంది. ఫిన్స్ లేకుండా బోర్డు వేసుకుని వెళ్ళినవాడు నురుగులో ఆడుకోవాలి తప్ప అల విరిగే చోటుకి చేరలేడు, ఒకవేళ ఈడ్చుకుంటూ చేరినా అక్కడి నుంచి తప్పుకోలేడు. పెద్ద అల వస్తుంటే, దాని మీద ఒకడు గాజు నారతో చేసిన గట్టి బోర్డు, దాని కింద మూడు పదునైన రెక్కలతో దూసుకొస్తుంటే, మనం మధ్యలో తేలుతూ బిక్కమొహం వేసుకుని చూస్తుంటాం. స్పీడ్ బ్రేకర్ అనే తిట్టు ఇక్కడే పుట్టింది. నిజం చెప్పాలంటే వాళ్ళ కోపం మేం పడుకున్నామని కాదు, మేం కదలలేకపోతున్నామని. చవక బోర్డులు లక్షల్లో అమ్ముడై, వేసవి సెలవుల్లో ఈతైనా సరిగ్గా రానివాళ్ళు గుంపులు గుంపులుగా నీళ్ళలో దిగాక, ఏళ్ళ తరబడి ఆ అలని నమ్ముకున్నవాడికి ఒళ్ళు మండదా? మండుతుంది. ఆ మంట తెచ్చి, ఫిన్స్ వేసుకుని దర్జాగా ఈదుకుంటూ వచ్చే బాడీబోర్డర్ మీద కూడా చల్లుతారు, అది మాత్రం అన్యాయం.

నా అనుభవంలో తేడా ఫిన్స్ దగ్గరే కనిపించింది. ఫిన్స్ తొడుక్కుని, అలల కింద నుంచి బోర్డుతో సహా మునిగి అవతలికి తేలి, లైనప్‌లో, అంటే అల కోసం అందరూ ఆగే చోట, పక్కగా వెళ్ళి మన వంతు కోసం ఆగితే, పదిమందిలో ఎనిమిదిమంది ఏమీ అనరు. మిగతా ఇద్దరు ఎవరినైనా అంటారు, వాళ్ళ ఇంట్లో కూడా అంటూనే ఉంటారు. నీళ్ళలో నియమం ఒకటే, అల మొదట విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్ళది, వాళ్ళు పడుకున్నారా, మోకాళ్ళ మీదున్నారా, నిలబడ్డారా అన్నది లెక్క కాదు. ఒక ఆదివారం నా అలలోకి ఒక కుర్రాడు అడ్డంగా దిగాడు, పొట్టి బోర్డు, కొత్త వెట్‌సూట్, నన్ను చూసి కూడా చూడనట్టే. నేనేమీ అనలేదు. అనింది ఒక ముసలాయన, తెల్ల గడ్డం, పొడుగాటి లాంగ్‌బోర్డు మీద కూర్చుని ఉన్నాడు, వాణ్ణి దగ్గరికి పిలిచి నాలుగు చివాట్లు పెట్టి, తరవాత వచ్చిన అలకి నా వైపు చెయ్యి చూపించి 'గో, గో' అని అరిచాడు. నేను వెళ్ళాను. దాన్ని గౌరవం అనాలో, పెద్దరికం అనాలో తెలీదు, బాగానే అనిపించింది.

ఫిన్స్‌లో లోపం లేదా అంటే ఉంది, మడమ దగ్గర మొదట్లో ఒరుసుకుని పుండు పడుతుంది. పల్చటి నియోప్రీన్ సాక్స్ వేసుకుంటే పోతుంది. ఇంకోటి, చీలమండకి కట్టుకునే చిన్న తాళ్ళు విడిగా కొనాలి, కొనకపోతే ఒక్క గట్టి అల చాలు, ఫిన్ ఊడి సముద్రానికి దక్షిణ అయిపోతుంది. ఈ రెంటికీ మార్కులు తగ్గించను, ఏ కంపెనీ ఫిన్స్‌కైనా ఇది తప్పదు.

కొన్నచోటు గురించి. ఫిన్స్‌ని హంటింగ్టన్‌లో ఒక సర్ఫ్ షాపులో తొడిగి చూసుకుని కొన్నాను, అలాగే కొనాలి, బూట్ల సైజు నమ్మి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే తిప్పి పంపడమే పని. బోర్డు కోసం అంతకుముందు ఇంకో షాపుకి వెళ్ళాను, పేరెందుకు. గోడ పొడుగునా వరసలు వరసలుగా సర్ఫ్‌బోర్డులు, బాడీబోర్డులు మాత్రం ఒక మూల ఇసుకలో ఆడుకునే బకెట్లు, పారల పక్కన. పీఈ కోర్ ఏదని అడిగితే అక్కడి అబ్బాయి "మీ పిల్లల వయసెంత?" అన్నాడు. నాకే అంటే, ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూశాడు. మర్యాదగానే చూశాడు లెండి.

ఆ మూలన పడేసిన వస్తువు పుట్టుక తెలిస్తే ఆ అబ్బాయి కాస్త ఆలోచించేవాడేమో. టామ్ మోరీ అనే ఆయన 1971 జూలైలో హవాయి బిగ్ ఐలాండ్‌లో తన ఇంట్లో ఒక ఫోమ్ ముక్కని కరెంటు కత్తితో కోసి, పైన దినపత్రిక కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో నున్నగా కాల్చి, అలలో వేసి చూశాడు. అదే బూగీ బోర్డు. ఈ మోరీ ఎవరంటే, స్వయంగా నిలబడే సర్ఫరే. 1965లో వెంచురాలో డబ్బు బహుమతితో సర్ఫింగ్ పోటీ పెట్టి, లాంగ్‌బోర్డు ముక్కు మీద ఎవరు ఎంతసేపు నిలబడతారో స్టాప్‌వాచీతో కొలిపించిన మనిషి. ఆయన 2021లో, 86 ఏళ్ళ వయసులో పోయాడు. అంటే రెండు వర్గాలకీ తాత ఒకడే, మనవలే కొట్టుకు చస్తున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, హవాయి, తాహితీ జనం పొట్టి చెక్కల మీద బోర్లా పడుకుని అలలెక్కడం యూరప్ ఓడలు అక్కడికి చేరకముందే ఉంది, పైపో అనే ఆ చెక్కలు ఇప్పటికీ కొందరు చేయించుకుంటారు. పడుకోవడం సర్ఫింగ్ కాదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

మైక్ స్టీవర్ట్ పేరు ఎత్తితే మా మరిది కూడా నోరు మూసుకుంటాడు. బాడీబోర్డింగ్‌లో 9 సార్లు ప్రపంచ ఛాంపియన్. హవాయిలో పైప్‌లైన్ అనే అల ఉంది కదా, రాతి దిబ్బ మీద గొట్టంలా చుట్టుకుని విరుగుతుంది, మనిషి ప్రాణాలు తీసిన అల, అందులో ఈయన బోర్లా పడుకుని ఎంత లోతుకి వెళ్ళి బయటపడేవాడో చూసి నిలబడేవాళ్ళే కళ్ళప్పగించేవారు. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగిన తాహితీ అల తియాహుపో ఉంది చూశారూ, దాన్ని ప్రపంచమంతా భయపడుతూ చూడ్డానికి చాలా ఏళ్ళ ముందే, 1986లో, ఈయనా బెన్ సెవర్సన్ అనే ఇంకో బాడీబోర్డరూ అక్కడ దిగారు. మరి ఒలింపిక్స్‌లో బాడీబోర్డింగ్ ఉందా? లేదు. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ మా ఇంటికి దగ్గర్లోనే, శాన్ క్లెమెంటే పక్కన లోయర్ ట్రెస్టిల్స్‌లో పెడుతున్నారు, టికెట్ కోసం మా మరిది ఇప్పట్నుంచే గుటకలు మింగుతున్నాడు, నేనూ వెళ్తాను, చప్పట్లూ కొడతాను, కడుపులో మంట మాత్రం ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఉంది. పైప్‌లైన్‌లో మహిళా బాడీబోర్డర్లు 1990లలోనే ప్రపంచ స్థాయి పోటీల్లో దిగారు. నిలబడే ఆడవాళ్ళకి అక్కడ తమ ప్రపంచ టూర్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒక పూర్తి పోటీ దొరికింది 2022లో, ఆ ఊరి అమ్మాయి మొవానా జోన్స్ వాంగ్ గెలిచింది. ఆడవాళ్ళకి ఆ అల మరీ ప్రమాదమని ఏళ్ళ తరబడి వాదించినవాళ్ళకి, పక్కనే ఫోమ్ ముక్కల మీద అదే అలలో దిగుతున్న ఆడవాళ్ళు కనపడలేదు, ఎందుకంటే వాళ్ళు పడుకుని ఉన్నారు కదా!

సరే, మళ్ళీ వస్తువు దగ్గరికి. అసలు ఈ బోర్డు దేనికి పనికొస్తుంది, దేనికి రాదు? మెల్లగా లేచి నింపాదిగా వచ్చే అలలుంటాయి, హంటింగ్టన్‌కి పైన బోల్సా చికా దగ్గర అలాంటివే, అక్కడ బాడీబోర్డు ఉత్త దండగ. ఒంట్లో సగం నీళ్ళలో ఈడుస్తూ ఉంటాం, వేగం పుట్టదు, మా మరిది తన కాస్ట్‌కో వేవ్‌స్టార్మ్ వేసుకుని తాపీగా ఒడ్డు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్తుంటే నేను ఇంకా కాళ్ళు కొడుతూనే ఉంటాను. ఆ 8 అడుగుల ఫోమ్ బోర్డు మాత్రం గొప్ప వస్తువు, చవక, దెబ్బ తగలదు, మొదటిరోజే నిలబెడుతుంది, నిలబడాలనుకునే మనవాళ్ళెవరైనా దాంతోనే మొదలుపెట్టండి. ఒక్క సంగతి. దాన్ని కూడా అసలు సర్ఫర్లు మొదట్లో కిరాణా కొట్టు బోర్డని చీదరించుకున్నారు, ఇప్పుడు మంచి మంచి సర్ఫర్లే సరదాగా ఫోమ్ బోర్డులేసుకుని దిగుతున్నారు. మమ్మల్ని స్పాంజర్లన్నవాళ్ళు స్పాంజి ఎక్కారన్నమాట. ఈ మాట మా మరిదితో అంటే, "నిలబడి ఎక్కాం కదా వదినా" అంటాడు.

అల నిటారుగా లేచి, లోపల గుల్లగా, ఒడ్డుకి దగ్గరగా దబ్బున విరిగేచోట లెక్క తిరగబడుతుంది. పొడుగు బోర్డు ముక్కు ఆ వంపులో ఇమడదు, నీళ్ళలో గుచ్చుకుంటుంది, పైగా లేచి నిలబడేందుకు కావలసిన ఆ అర క్షణం కూడా అల ఇవ్వదు. మాకు లేవాల్సిన పనే లేదు. బోర్డు పొట్టి, ఒళ్ళు కిందికి ఉంది, ఆఖరి నిమిషంలో రెండు తాపులు తన్ని దిగిపోవచ్చు. సిడ్నీ దగ్గర షార్క్ ఐలాండ్, కానరీ దీవుల్లో ఎల్ ఫ్రాంటన్ లాంటి భయంకరమైన అలలకి పేరు తెచ్చింది బాడీబోర్డర్లే, కారణం ఇదే. కాబట్టి పోటీ పోటీ అంటాం కానీ సగం రోజులు మేం కోరుకునే అల వాళ్ళకక్కర్లేదు, వాళ్ళు కోరుకునేది మాకు పనికిరాదు. గొడవంతా మధ్యరకం రోజుల్లోనే.

ఒడ్డున దబ్బున విరిగే అలకి పరాకాష్ఠ చూడాలంటే న్యూపోర్ట్‌లో వెడ్జ్ అనే చోటికి వెళ్ళండి. నీళ్ళలో దిగమనడం లేదు, చూడమంటున్నా. హార్బర్ ముఖద్వారం దగ్గర రాళ్ళ గోడ కట్టారు, వేసవిలో దక్షిణం నుంచి వచ్చే అల ఆ గోడకి కొట్టుకుని వెనక్కి మళ్ళి, వెనక వచ్చే అలతో కలిసి రెట్టింపు ఎత్తు లేస్తుంది, లేచి మోకాలి లోతు నీళ్ళలో, దాదాపు ఇసుక మీదే విరుగుతుంది. మెడలు విరిగిన కథలు చాలా ఉన్నాయి. అక్కడ రాజ్యం బోర్డే లేనివాళ్ళది, ఒట్టి ఒంటితో అలలెక్కే బాడీసర్ఫర్లది. మే 1 నుంచి అక్టోబర్ 31 దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు అక్కడ తేలే వస్తువేదీ నీళ్ళలోకి తేకూడదని ఊరి చట్టం, అంటే సర్ఫ్‌బోర్డుతో పాటు బాడీబోర్డూ బయటికే. పదింటికి జెండా లేస్తే నిలబడేవాళ్ళూ పడుకునేవాళ్ళూ కలిసి ఒడ్డుకొచ్చి, ఒకే గోడ పక్కన కూర్చుని, ఒకే మొహం వేసుకుని చూస్తుంటారు. వాళ్ళ మధ్య అంత స్నేహం నేనింకెక్కడా చూడలేదు.

ఆ జెండా గురించి కొనేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పసుపు జెండా మధ్యలో నల్లటి గుండు, బ్లాక్‌బాల్ అంటారు. వేసవి మధ్యాహ్నాల్లో స్నానాల జనం పెరిగాక లైఫ్‌గార్డులు అది ఎగరేస్తే సర్ఫ్‌బోర్డులు బయటికి రావాలి. వెడ్జ్ లాంటి చోట్లు వదిలేస్తే, నేను వెళ్ళే బీచ్‌లలో మెత్తటి బాడీబోర్డు ఉండిపోవచ్చు. అప్పుడు మా మరిది గొణుక్కుంటూ బయటికొచ్చి, పిల్లలకి సన్‌స్క్రీన్ రాసి, పులిహోర డబ్బా విప్పి కాపలా కూర్చుంటాడు, నేను నీళ్ళలో ఉంటాను. ఈ ఒక్క సౌకర్యానికే బోర్డుకి ఇంకో అర మార్కు ఇవ్వాలనిపించింది, కానీ అది కంపెనీ గొప్పతనం కాదు కదా, ఇవ్వలేదు.

మొన్న వేసవిలో వాడు నా ఫిన్స్ అడిగాడు. సైజు సరిపోలేదు, ఒక వేలు బయటికొస్తోంది, అయినా తొడుక్కుని బోర్డు లేకుండా వెళ్ళి ఒడ్డు అలల్లో గంటసేపు పల్టీలు కొట్టి, ముక్కులోంచి ఇసుక కార్చుకుంటూ వచ్చి, "ఇంత కాలు తన్నుడు రోజూ ఎలా తంతున్నావు వదినా" అన్నాడు. మర్నాడు మళ్ళీ చపాతీ పీటే అన్నాడనుకోండి. తనకి సొంత జత మాత్రం తెప్పించుకున్నాడు.

వాట్సాప్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇది కొని వైజాగ్ పట్టుకెళ్తే పనికొస్తుందా అని. రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళున్నారు, నీళ్ళు వెచ్చన, కాబట్టి అక్కడికైతే పీఈ కాదు, పీపీ కోర్ తీసుకోండి, పీఈ ఆ వేడికి మెత్తబడి మరీ వంగుతుంది. ఒడ్డు నిటారుగా దిగి అల దగ్గర్లోనే విరిగేచోట్లు మనకి చాలా ఉన్నాయి, బోర్డు పరంగా అది మా రకం అలే. కానీ అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి, ఫిన్స్, ఈత, అక్కడి అలలు తెలిసిన మనిషి తోడు, ఈ మూడూ లేకుండా దిగొద్దు. మన జాలర్లు మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తూ తెప్పల మీద ఆ అలల్ని దాటుకుంటూ వెళ్ళేవారు, ఆటూ పోటూ వాళ్ళకి తెలిసినంత ఏ సర్ఫ్ యాప్‌కీ తెలీదు, దిగేముందు వాళ్ళని అడగండి.

లెక్క చెప్పి ముగిస్తాను. ఫిన్స్‌కి మంచివి, 60 నుంచి 80 డాలర్లు పెట్టండి, సాక్స్, తాళ్ళు కలుపుకుని. జబ్బ లీష్‌కి ఒక 30. ఆ 200లో మిగిలినదాంట్లో కొత్త బోర్డు రాకపోతే వాడిన పీఈ బోర్డు కొనుక్కోండి, వేసవి చివర్లో పిల్లలు విసుగెత్తి అమ్మేసేవి బోలెడు దొరుకుతాయి. కొనేముందు అడుగు భాగం అరచేత్తో నొక్కి చూడండి, బుడగలా లేస్తే లోపల జిగురు ఊడిందని అర్థం, వదిలేయండి. ముక్కు దగ్గర ముడత ఉంటే బేరం ఆడండి. నా బోర్డుకైతే తోక దగ్గర లేచిన తొడుగుని మా మరిదే జిగురు పెట్టి అతికించాడు, తన సర్ఫ్‌బోర్డు రిపేర్ కిట్‌లోది ఈ మెత్తటి ఫోమ్‌కి పనికిరాదని, ప్రత్యేకంగా వేరే జిగురు కొనుక్కొచ్చి మరీ. ఇంకా పట్టుకునే ఉంది.